ఓక్ చెట్ల కింద ఊడ్చిన నేల

నేల మీద ఆకు కనిపిస్తే సత్యానందం చెయ్యి ఊరుకోదు. అది పూర్తిగా ఆయన తప్పనడానికీ లేదు. ఆయన తల్లి రేపల్లె దగ్గర ఒక మిషన్ చర్చి ఆవరణను ముప్పై ఏళ్లు ఊడ్చిన మనిషి. ఆదివారం జనం వచ్చేసరికి ఆ ఇసక నేల మీద చీపురు గీతలు తప్ప మరేమీ ఉండకూడదు. మొదట వచ్చిన వాడి పాదం ఆ గీతల మీద అచ్చుపడాలి. మన తీరప్రాంతంలో శుభ్రత అంటే నేల కనిపించడమే. ఆకు రాలిందంటే ఊడుస్తాం, కుప్ప చేస్తాం, తగలబెడతాం. ఎందుకయ్యా అంటే తేళ్లుంటాయంటాం. అడవిని ఏ తల్లీ ఊడ్వదు, అయినా అక్కడ అన్నీ పెరుగుతూనే ఉంటాయి. ఈ సంగతి పుస్తకాల్లో చదివి తల ఊపినవాళ్లు కూడా ఇంటికొచ్చి చీపురే పడతారు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడిన రోజుల్లో సత్యానందం అమెరికా వచ్చాడు. కంప్యూటర్లు ఆగలేదు గానీ ఆయన మాత్రం నార్త్ కరోలినాలోని కేరీలో ఆగిపోయాడు. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో టెస్టరు. అంటే ఇతరులు రాసిన దాంట్లో తప్పులు పట్టుకుని, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని వివరంగా రాసి పైకి పంపడం. ఇరవై మూడేళ్లు ఆ పని చేసి నిరుడు మానేశాడు. ఇప్పుడు అరవై ఒకటి. భార్య మణి ఇంకా ఫార్మసీలో పనిచేస్తోంది. ఇంట్లో పగలంతా ఒక్కడే ఉండలేక ఆయన సంఘ పెద్దగా చర్చి పనులన్నీ, తాళాల గుత్తితో సహా, నెత్తినేసుకున్నాడు.

ఆ చర్చి భవనం మనవాళ్లది కాదు. ఉదయం తొమ్మిదిన్నరకు అమెరికన్ల ఆరాధన, మధ్యాహ్నం రెండింటికి తెలుగు ఆరాధన. ఏటా మే నెలలో వాళ్ల కమిటీ కూర్చుని మనవాళ్లకు ఇంకో ఏడాది ఇవ్వాలా వద్దా అని తేలుస్తుంది. తెలుగు పాస్టరు షాలేం రాజు, నలభై ఏళ్లవాడు, వారమంతా బ్యాంకులో ఐటీ ఉద్యోగం, శని ఆదివారాలు సేవ. ఈసారి ఈస్టరుకు రెండు సంఘాలూ కలిసి భోజనం చేద్దామని, బిర్యానీ మనది, డెసర్ట్ వాళ్లదని ఆయనే ఒప్పించాడు. టేబుళ్లు వేసేది భవనం వెనక, మూడు పెద్ద ఓక్ చెట్ల పక్కన.

మార్చి మొదట్లో సత్యానందం ఆ చోటు చూడ్డానికి వెళ్లి నొచ్చుకున్నాడు. ఓక్‌ల కింద నలభై అడుగుల పొడవున ఒక మడి. దాని మీద ఏళ్ల తరబడి రాలిన ఆకు, అడుగున నల్లగా కుళ్లి, పైన తోలులా ఎండి, జానెడు మందం ఉంది. ఆ ఆకు సందుల్లోంచి తుప్పు రంగు ఆకులేవో నేలకు కరుచుకుని కనిపించాయి. గుండె ఆకారంలో, అంచులు నొక్కుకుపోయి, ఈనెల వెంబడి ముదురు ఎరుపు మచ్చలతో ఉన్నాయి. తెగులనుకున్నాడు. ఒకటి పట్టి లాగితే దాని వెంట దారంలాంటి తీగ వచ్చింది, ఆ తీగకు ఇంకో మొక్క, దానికి ఇంకో తీగ. పాకుతూ, పాకిన చోటల్లా వేరు దించుకునే దాన్ని డెల్టాలో పుట్టినవాడు ఏమంటాడో వేరే చెప్పాలా? కలుపు అంటాడు. తుంగ పీకిన చేతులవి.

రెండు శనివారాలు మోకాళ్ల మీద కూర్చుని పీకాడు, గీరాడు, ఎత్తాడు. ఇరవై రెండు కాగితం సంచులు నింపి రోడ్డు పక్కన పెడితే టౌను లారీ వచ్చి పట్టుకుపోయింది. తర్వాత దుమ్ము అణగడానికి నీళ్లు చల్లి, ఇండియా నుంచి తెచ్చుకున్న ఈనెల చీపురుతో ఊడ్చాడు. గీతలు పడ్డాయి. ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడితే నలభై ఒక్క దండాలు వచ్చాయి. అమ్మ ఉంటే చూపించేవాణ్ణని మణితో అన్నాడు.

మరుసటి ఆదివారం ఒంటిగంటన్నరకు, తెలుగు ఆరాధనకు ఇంకా ఎవరూ రాకముందు, వెనక వైపు ఒక ముసలావిడ వాకర్ పట్టుకుని నిలబడి ఉంది. అమెరికన్ సంఘంలో అందరూ ఆమెను మర్యాదగా మిస్ ఎలోయిస్ అంటారు. ఎనభై ఒకటి. తుంటి ఆపరేషన్ చేయించుకుని మూడు నెలలు కూతురి దగ్గరుండి ఆ రోజే తిరిగొచ్చింది. సత్యానందం చొక్కా సవరించుకుని, మెచ్చుకుంటే ఏమనాలో మనసులో కూర్చుకుంటూ దగ్గరికి వెళ్లాడు.

ఆమె అతని వైపు చూడలేదు. "ఇదెవరు చేశారు?" అంది నేలతోనే. అతను నోరు తెరిచేలోపే తనే జవాబు చెప్పేసుకుంది. "ఎవానే. ఆ గాలి యంత్రం ఇటు తేవొద్దని పదేళ్లుగా చెబుతున్నాను."

ఎవాన్ అంటే చర్చి గడ్డి కోసే మనిషి, యాభై దాటినవాడు. ఆకులు ఊదే యంత్రాన్ని వీపుకు తగిలించుకుని పార్కింగ్ అంతా తిరుగుతుంటాడు.

ఆ క్షణంలో సత్యానందం చెప్పాల్సింది రెండు ముక్కలు. ఇంగ్లీషులో అయితే మూడు. అవి చెప్పకుండా, తనకేమీ తెలియనట్టు, ఇక్కడ ఏముండేదండీ అని అడిగాడు. ఆ అడగడమే తర్వాత ఆయనకు ఎక్కువ కుట్టింది. ఊరుకోవడం పిరికితనం అనుకోవచ్చు, అడగడం మాత్రం నటన.

ఆమె చెప్పింది. ఫోమ్‌ఫ్లవర్ ఉండేదట. ఈ కొండవాలు అడవుల్లో సొంతంగా పెరిగే మొక్క. ఏప్రిల్లో ఆకుల మీంచి సన్నటి కాడలు లేచి, వాటి నిండా చిన్న చిన్న తెల్లటి పూలు పూస్తాయి. దూరం నుంచి చూస్తే పాలు పితికేటప్పుడు చెంబులో లేచే నురగలా ఉంటుంది. చెంబూ పాలూ ఆమె అన్న మాటలు కావు, సత్యానందం వింటూ ఊహించుకున్నవి. చలికాలంలో దాని ఆకు తుప్పురంగుకు తిరుగుతుంది, అది తెగులు కాదు. తీగలు పాకించి పిల్లలు పెట్టుకుంటుంది, అలా ముప్పై ఏళ్లలో ఇంత మడి నిండింది. ఎండ పనికిరాదు, తేమ కావాలి, కానీ నీళ్లు నిలవకూడదు. ఎరువు అక్కర్లేదు. రాలిన ఆకే దానికి దుప్పటి, అదే దానికి అన్నం. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి మీద ఆకు తీసేస్తే నాలుగు రోజుల గాలికే చచ్చిపోతుంది.

ముప్పై ఏళ్ల కిందట ఒక వాగు పక్క అడవిలోకి బుల్డోజర్లు వస్తున్నాయని తెలిసి, ఆమె, ఇంకో ఐదుగురు ఆడవాళ్లు పారలు పట్టుకుని వెళ్లి, అవి వచ్చే ముందు రోజు వరకూ తవ్వి ఈ మొక్కల్ని తెచ్చారట. ఆ ఐదుగురిలో ఇప్పుడెవరూ లేరు. ఆ అడవి స్థానంలో ఏ ఇళ్లు వచ్చాయో ఆమె పేరు చెప్పింది. సత్యానందం పద్దెనిమిదేళ్లుగా ఉంటున్న కాలనీ అదే. వాళ్ల వీధి మొదట్లో రాతి పలక మీద అడవి పేరు అందంగా చెక్కి ఉంటుంది. ఈ దేశంలో చాలాచోట్ల అంతే, దేన్ని కొట్టేస్తే దాని పేరే ఇళ్లకు పెడతారు.

ఆ రోజు ఆరాధనలో పాటలేవీ ఆయన చెవికెక్కలేదు.

ఇంటికెళ్లాక తనకు తానే ఒక కారణం కల్పించుకున్నాడు. మే నెలలో కమిటీ కూర్చుంటుంది. తెలుగువాళ్లే ఈ పని చేశారని తెలిస్తే భవనం ఇవ్వరు. నూట ఇరవై కుటుంబాలు ఎక్కడికి పోతాయి? సంఘం కోసమే మౌనం. ఈ కారణం బాగానే ఉంది, ఒక వారం పనిచేసింది. అసలు సంగతి ఆయనకు తెలుసు. జీవితంలో ఎవరూ తన వైపు వేలు చూపించి ఇది నువ్వే చేశావు అనలేదు. అరవై దాటాక ఆ మాట పడటం ఎలాగో ఆయనకు చేతకాలేదు.

రెండో వారం షాలేం రాజు ఫోన్లో ఈస్టరు ఏర్పాట్లు మాట్లాడుతూ మధ్యలో మామూలుగా అన్నాడు, గడ్డి కోసే ఎవాన్‌ను తీసేశారట, కొత్త కంపెనీ వస్తుందట, పార్కింగ్ గీతలు వాళ్లే వేస్తారట అని. ఎందుకు తీసేశారని సత్యానందం అడగలేదు. ఏవో పూలమొక్కలు పాడుచేశాడని మాట వచ్చిందనీ, తాను వాటి జోలికే పోలేదని ఎవాన్ మూడుసార్లు చెప్పాడనీ, అయినా మిస్ ఎలోయిస్ మనసు కష్టపెట్టలేక కమిటీ అతన్ని మానిపించిందనీ షాలేం రాజే చెప్పాడు. చెప్పి, బిర్యానీకి ఎన్ని ట్రేలు అన్న లెక్కలోకి వెళ్లిపోయాడు. ఆ పూలమొక్కలూ, వాట్సాప్ ఫోటోలో ఊడ్చిన నేలా ఒకే చోటివని ఆయనకు తట్టలేదు.

అన్నం సహించని మొగుణ్ణి మణి మూడు రోజులు చూసింది, నాలుగో రోజు అడిగింది. ఆమెకు సగం ముందే అర్థమైంది, మిగతా సగం ఆయన చెప్పాడు. వాట్సాప్ ఫోటో కింద దండాలు పెట్టినవాళ్లలో ఆమె లేదు. అంత నున్నగా గీకిన నేల చూస్తే బాలింత తలకు గుండు గీసినట్టుందని అప్పుడే అంది.

"ఏవండీ, చీపురు పట్టమంటే చెయ్యి అంత జోరుగా ఆడింది కదా. నోటికేం వచ్చింది?"

"చెప్తాను మణీ. ఈస్టర్ కానీ. పండగ ముందు గొడవెందుకు."

"గొడవ మనకా? అతనికి జాబ్ పోయింది. అతనికి లేదా పండగ?"

ఆ రాత్రి కాదు గానీ, మర్నాడు పొద్దున్నే కారేసుకుని మిస్ ఎలోయిస్ ఇంటి వరకూ వెళ్లాడు. ఆమె వరండాలో వెలుతురు కనిపించింది. కారు దిగకుండా వెనక్కి తిప్పాడు. అలా రెండుసార్లు జరిగింది. మూడోసారి ఒక కేకు కూడా కొనుక్కెళ్లాడు. కేకుతో తిరిగొచ్చాడు. మణి దాన్ని ఫ్రిజ్‌లో పెట్టింది, కొయ్యలేదు.

ఈస్టరు వచ్చింది. వెనక నూట యాభై మంది, ఎండ, బిర్యానీ వాసన, ఫోల్డింగ్ కుర్చీలు. మడి మీద కొత్త కంపెనీ వాళ్లు ఎర్ర రంగు వేసిన చెక్కపొట్టు పరిచారు. మిస్ ఎలోయిస్ ముందు వరసలో, మడికి వీపు పెట్టి కూర్చుంది.

భోజనాలకు ముందు సన్మానం పెట్టుకున్నాడు షాలేం రాజు. ఇక్కడ శాలువా గురించి ఒక మాట చెప్పుకోవాలి. తెలుగువాడు చలికి శాలువా కొనడు, కప్పడానికి కొంటాడు. అమెరికాలో ప్రతి తెలుగు ఇంటి అల్మారాలో కవరు విప్పని శాలువాలు నాలుగైదు ఉంటాయి. అవి ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజం మీదకి ఊళ్లు తిరుగుతుంటాయి. కప్పించుకున్నవాడు చెప్పాల్సిన మాటలు కూడా అందరికీ కంఠతా వచ్చు. నేను దీనికి తగను, నేనేం చేశాను, అంతా దేవుడి కృప. వినేవాళ్లు ఆ మాటలు రాగానే చప్పట్లు కొడతారు.

సత్యానందానికి ఎవరూ ముందు చెప్పలేదు. పాస్టరు మైకు పట్టుకుని, అమెరికన్ అతిథులకు అర్థం కావాలని శుభ్రమైన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఈ స్థలాన్ని ఇంత అందంగా తయారుచేసిన ఒక సేవకుణ్ణి ఈ రోజు మనం గౌరవించుకోవాలన్నాడు. రెండు శనివారాలు, ఒంటి చేత్తో, మోకాళ్ల మీద, ఇరవై రెండు సంచుల చెత్త తీశారన్నాడు. ఎవరూ అడగకుండానే, అన్నాడు. ఫోన్ పైకెత్తి ఆ ఫోటో ముందు వరసకు చూపించాడు కూడా.

మిస్ ఎలోయిస్ ఆ ఫోటో చూసింది. తర్వాత తల తిప్పి సత్యానందాన్ని చూసింది. కోపంగా కూడా కాదు. లెక్క సరిచూసుకునే మనిషిలా, మెల్లగా.

అప్పటికే ఎవరో ఆయన్ని ముందుకు నెట్టారు, ఎరుపు అంచు శాలువా భుజాల మీద పడింది, ఫోన్లన్నీ లేచాయి.

"రెండు మాటలు మాట్లాడండి అన్నా," అని షాలేం రాజు మైకు అందించాడు.

సత్యానందం మైకు తీసుకున్నాడు. చెప్పాలనే అనుకున్నాడు, నిజంగానే. కానీ నోటికి ఇంగ్లీషు రాలేదు. తెలుగులో వచ్చింది.

"ఈ శాలువాకి నేను తగను. నేను తప్పు చేశాను. నన్ను క్షమించండి."

చప్పట్లు మోగాయి. ఎంత తగ్గింపు మనసు అన్నారొకరు, వెనక వరసలో ఇంకెవరో ఆమెన్ అన్నారు. లీలావతి అనే పెద్దావిడ కళ్లొత్తుకుంది. ఇంకోసారి చెబుదామని చూశాడు, నేను నిజంగానే అంటున్నానన్నాడు. ఇంకా గట్టిగా కొట్టారు. మైకు ఆయన చేతిలోంచి ఎలా పోయిందో తెలియదు, ప్రార్థన, బిర్యానీ మూతలు తీయడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. అక్కడున్న తెలుగువాళ్లలో ఆయన మాటను మాటగా విన్నది మణి ఒక్కతే. ఆమె చప్పట్లు కొట్టలేదు.

శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, ఆయన మిస్ ఎలోయిస్ దగ్గరికి వెళ్లాడు. ఇంతసేపటికి, చెప్పడానికి ఏమీ మిగలకుండా పోయాక.

"మీరన్నమాట," అంది.

అవునన్నాడు.

"ఆ ఆదివారం నేను చెబుతున్నదంతా నిలబడి విన్నారు. మీకప్పుడు తెలుసు."

"తెలుసు."

పక్కన పిల్లలు ఈస్టరు ఆటకు దాచిన రంగు గుడ్లు వెతుక్కుంటూ అరుస్తున్నారు. మొక్కలు పోయినందుకు మీ మీద నాకు కోపం వచ్చి పోయేది, ఊడ్చినవాడు తెలియక ఊడ్చాడు, అంది. కానీ ఎవాన్ నా కళ్లల్లోకి చూసి తాను చెయ్యలేదన్నాడు, నేను నమ్మలేదు, పదేళ్లుగా ఎరిగిన మనిషిని అబద్ధాలకోరును చేశాను, అంది. అది వినడం సత్యానందానికి తిట్టు పడటం కంటే కష్టమైంది. తన సిగ్గు తనతో ఆగలేదు, ఒక ముసలి మనిషికి కూడా అంటింది.

మర్నాడు ఇద్దరూ ఎవాన్ దగ్గరికి వెళ్లారు. వాకర్‌ను కారు వెనక మడిచిపెట్టి సత్యానందమే డ్రైవ్ చేశాడు. ఎవాన్ ఇంటి ముందు కోత యంత్రం బ్లేడు విప్పి ఆకురాయి పెడుతున్నాడు. లేవలేదు. సత్యానందం దారంతా కూర్చుకున్న వాక్యాలు వదిలేసి, మడి ఊడ్చింది నేను, మీ మీదికి పోతుంటే ఊరుకున్నాను అని చెప్పాడు.

ఎవాన్ ఆకురాయి ఆపాడు. "ఎన్ని రోజులు ఊరుకున్నావు?"

"మొదటి రోజు నుంచి. ఐదు వారాలు."

"నేను నిన్ను ఎరుగుదును. మధ్యాహ్నం రెండింటి చర్చి కదా. పార్కింగ్‌లో కనిపిస్తే చెయ్యి ఊపేవాడివి." బ్లేడు అంచును బొటనవేలితో చూసుకున్నాడు. "నన్ను తీసేశాక కూడా ఒకసారి ఊపావు."

సత్యానందానికి అది గుర్తుంది. సామాను తీసుకెళ్లడానికి ఎవాన్ వచ్చిన రోజు. అలవాటుగా చెయ్యి లేచింది.

మిస్ ఎలోయిస్ తన క్షమాపణ తాను చెప్పుకుంది. తిరిగి రమ్మంది, కమిటీతో తాను మాట్లాడతానంది. రానన్నాడు ఎవాన్. ఒక స్కూలు గ్రౌండు దొరికిందట, అక్కడ ఎవరూ ఏమీ అడగరట. తనకు కావలసింది ఒక్కటే, అన్నాడు. తీసేసినప్పుడు కారణం చర్చిలో అందరి ముందూ చదివారు. ఇది కూడా అందరి ముందూ చదవాలి. ఆ మాట సత్యానందంతోనే అన్నాడు, ఆమెతో కాదు.

తర్వాతి ఆదివారం సత్యానందం, మణి తొమ్మిదిన్నర ఆరాధనకు వెళ్లారు. ఆ గంటలో వాళ్లెప్పుడూ ఆ తలుపు దాటలేదు. ప్రకటనల సమయంలో ఆయన లేచి, ఈసారి కాగితం మీద రాసుకొచ్చిన ఇంగ్లీషు చదివాడు. తారీఖులు, ఏం చేశాడు, ఎవరి మీద పడనిచ్చాడు, ఎన్నాళ్లు. తగను, అయోగ్యుణ్ణి లాంటి మాటలు ఒక్కటీ లేవు. రాస్తున్నప్పుడు అలాంటివి రెండు పడితే మణి కలంతో కొట్టేసింది. ఎవాన్ పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా చదివాడు. చదివి కూర్చున్నాడు. ముందు బెంచీలో ఒక మనిషి వెనక్కి తిరిగి చూసి మళ్లీ ముందుకు తిరిగాడు. బుధవారం పొట్‌లక్‌కు ఎవరేం తెస్తారో కాగితం తలుపు దగ్గరుందని తర్వాతి ప్రకటన చదివారు.

మధ్యాహ్నం తెలుగు ఆరాధనలోనూ అదే కాగితం తెలుగులో చదివాడు. ఈసారి అర్థమైంది. షాలేం రాజు ముఖం మాడిపోయింది, బయటికొచ్చాక, మే నెల దాటాక చెప్పకూడదా అన్నా అని మాత్రం అన్నాడు. పెద్దరికం ఇంకెవరికైనా ఇవ్వండి అయ్యగారూ అని సత్యానందం తాళాల గుత్తి చేతిలో పెట్టేశాడు. షాలేం రాజు వద్దనలేదు.

శనివారాలు ఆయన ఇప్పుడూ ఆ ఓక్‌ల కిందికి వెళతాడు. మిస్ ఎలోయిస్ కుర్చీ వేసుకుని కూర్చుని ఏం చెయ్యాలో చెబుతుంది. ఎర్ర చెక్కపొట్టు గంపలకెత్తించింది. తన కాలనీ వెనక మిగిలిన చెట్ల కింద నుంచి కుళ్లిన ఆకు సంచుల్లో మోసుకొచ్చి పరుస్తున్నాడు, మొక్క మొవ్వు మీద పడకుండా, చుట్టూ. బతికినవి తొమ్మిది. వేరు ముక్కలు కొన్ని అక్కడక్కడ రాతి సందుల్లో ఆగిపోతే వాటినించి లేచినవి. ఈ ఏడాది పూలు లేవు. వచ్చే ఏడాది ఉండొచ్చు, తీగలు పాకడానికి ఇంకో రెండేళ్లు పట్టొచ్చు, అంది ఆమె. తన వయసు లెక్కేసుకుని అందో ఏమో, ఆయన తలెత్తి చూడలేకపోయాడు.

ఒకసారి, అతను మోకాళ్ల మీద ఉండగా, రోడ్డు మీద ఎవాన్ ట్రక్కు వెళ్లింది. సత్యానందం చెయ్యి లేవబోయి ఆగింది. ట్రక్కు ఆగలేదు. ఆమె అటు చూసి, ఇటు చూసి, ఆ మూల ఇంకా పల్చగా ఉంది, ఇంకో గంపెడు ఆకు వెయ్యమంది.